పరదేశ రంగమున నటబృందములు: ప్రేక్షకానురంజన విచారము

కళకు భాష లేదనియు, గీతనృత్యములు దేశభాషాభేదముల నతిక్రమించి యెల్లవారి హృదయములను సమానముగా నాకర్షించుననియు నొక వాదము లోకమునఁ బ్రసిద్ధముగా నున్నది. సముద్రములు దాఁటి పరదేశముల నాడి మెప్పు వడసి వచ్చిన నటబృందముల చరిత్రములనే యీ వాదమునకు సాక్ష్యముగాఁ జూపుచుందురు. వినుటకు రమ్యమైన యీ వాదము విచారమునకు నిలుచునా యని పరీక్షించుట యీ వ్యాసమున కుద్దేశము. కళకు భాషయే లేనిచో నొక్క సంప్రదాయపు నాట్యము పరదేశమున నొకప్పుడు వింతవస్తువుగాను, మఱియొకప్పుడు మహాకళగాను జూడఁబడుటకుఁ గారణమేమి? నటుల శక్తితారతమ్యమే కారణమందుమా, అట్టి శక్తిమంతులకు స్వదేశమునఁ గలిగిన సిద్ధి పరదేశమున నేల కలుగలేదు?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై నాలుగు ప్రయాణముల నుదాహరణములుగాఁ గొనుచున్నాను. 1838లో పుదుచ్చేరి ప్రాంతపు దేవదాసీలు పారిసునకుఁ బోయినది మొదటిది. 1899లో జపానునుండి బయలుదేఱిన కవకామి ఓటోజిరో బృందము అమెరికా, ఐరోపాఖండములఁ దిరిగినది రెండవది. 1930లో చీనా నటుఁడు మేయి లాన్‌ఫాంగు అమెరికాకుఁ బోయినది మూఁడవది. 1962లో తంజావూరు సంప్రదాయపు నర్తకి బాలసరస్వతి అమెరికాకుఁ బోయినది నాలుగవది. కడపటిదానికి మన తెలుఁగు పదములతో సాక్షాత్సంబంధము గలదు. మొదటిది యా పదములకు నిలువనీడ యిచ్చిన సంప్రదాయమునకే చెందినది. తక్కిన రెండును అన్యదేశీయములైనను విషయనిర్ణయమునకు మిక్కిలి యుపకరించును.

సిద్ధి ద్వైవిధ్యము

నాట్యశాస్త్రమున భరతముని ప్రయోగసాఫల్యమును సిద్ధి యను పేర విచారించి దానికై యొక యధ్యాయమునే కేటాయించెను. సిద్ధి మానుషి యనియు, దైవి యనియు రెండు విధములు. ప్రేక్షకులు చిఱునవ్వు నవ్వుట, బిగ్గఱగా నవ్వుట, సాధువాదములు పలుకుట, గగుర్పాటు పొందుట, ఆసనములనుండి లేచుట, వస్త్రములు కానుకగా నిచ్చుట మొదలగునవి మానుషసిద్ధికి గుఱుతులు. రంగస్థలము నిండియుండియు సద్దు లేక, కలఁత లేక, యుత్పాతము లేక యుండుట దైవసిద్ధికి గుఱుతు. ప్రేక్షకుఁడు పాత్ర సంతోషింపఁగా సంతోషించి, శోకింపఁగా శోకించువాఁడై యుండవలెననియు నా ముని యచటనే చెప్పెను.

పరదేశయాత్రల వృత్తాంతములు వ్రాయువారు సామాన్యముగా లెక్కించునది మానుషసిద్ధిని మాత్రమే. ఎన్నిమాఱులు కరతాళధ్వను లయ్యెను, ఏ రాజు పిలిపించుకొనెను, ఏ పత్రిక యెట్లు పొగడెను అను సంగతులే యందుఁ గనఁబడును. అవి యసత్యములు కావు. కాని యవి విస్మయమునకు గుఱుతులా, రసానుభవమునకు గుఱుతులా యని విడఁదీయవలసి యున్నది. నర్తకి విప్రలంభశృంగారము నభినయింపఁగాఁ బ్రేక్షకునకు విస్మయము మాత్రమే కలిగెనేని యా ప్రయోగము ఫలించినదనవచ్చునా? అద్భుతమును రసమే గదా యందురేమో. కాని నర్తకి యుద్దేశించిన రసము వేఱు, ప్రేక్షకుఁ డనుభవించిన రసము వేఱు. శాబ్దికుల పరిభాషలోఁ జెప్పవలెనన్న, వక్తృతాత్పర్యమొకటి, శ్రోతకుఁ గలిగిన బోధ మఱియొకటి. ఇట్టిచో మెప్పు గలదు గాని సంవాదము లేదు.

ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి

వాక్యమునుండి యర్థబోధ కలుగుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూఁడును గావలెనని శాస్త్రజ్ఞు లెఱుఁగుదురు. ఆవు, గుఱ్ఱము, మనుష్యుఁడు అని పదములను వరుసగాఁ బేర్చినంతమాత్రమున వాక్యము కానేరదు; అందు ఆకాంక్ష లేదు. నిప్పుతోఁ దడుపుచున్నాఁ డనినచో బోధ కలుగదు. అందు యోగ్యత లేదు. ఒక పదము ప్రాతఃకాలమునను, దాని కన్వయించు పదము సాయంకాలమునను బలికినను బోధ కలుగదు. అందు సన్నిధి లేదు.

ఈ మూఁటిని నాట్యమునకు లాక్షణికముగా నన్వయించి చూతము. శాస్త్రమున నివి శబ్దధర్మములుగాను నర్థధర్మములుగాను జెప్పఁబడినవి; ఇచట వానిని బ్రేక్షకపక్షమునఁ బెట్టి వాడుచున్నాను. పరదేశీయుని ప్రయోగముఁ జూడవలెనని ప్రేక్షకునకుఁ గలుగు కుతూహలము ఆకాంక్ష. చూచినదాని నెఱుఁగుటకు వలయు పూర్వసంస్కారము, అనఁగాఁ గథాపరిచయము, సంకేతపరిచయము యోగ్యత. ప్రయోగము నిడివి, అందలి యంశముల కూర్పు, వివరణము నభినయము ఎడము లేక చేరియుండుట సన్నిధి. ఆకాంక్ష యొక్కటియే యున్నచో విస్మయము కలుగును. మూఁడును గూడినచో రసము కలుగుట కవకాశ మేర్పడును. ఇదియే ప్రతిజ్ఞ. దీనిని జరిగిన సంగతులతోఁ బరీక్షింపవలెను.

విదేశమన నేది?

ముందుగాఁ బరదేశ మన నేమో నిర్ణయింపవలెను. తంజావూరు మండలమందలి మేలట్టూరున నరసింహజయంత్యుత్సవమున భాగవతమేళ నాటకము లాడుదురు. మేలట్టూరు వేంకటరామశాస్త్రి రచించిన ప్రహ్లాదచరిత్రము మొదలగు నా నాటకముల భాష తెలుఁగు. చూడవచ్చు జనులలో ననేకుల యింటిభాష తమిళము. అయినను స్తంభమునుండి నరసింహుఁడు వెడలు వేళ సభలోఁ గలుగు భక్తిపారవశ్యము తెలుఁగు రానివారిని విడిచిపెట్టదు. ఏల? ప్రహ్లాదుని కథ వారికిఁ బుట్టువుతో వచ్చిన సొత్తు. హిరణ్యకశిపుఁ డేమని గద్దించునో, బాలుఁ డేమని బదులు చెప్పునో మాట తెలియకున్నను భావము ముందే తెలిసియుండును. అచట భాష యన్యమైనను యోగ్యత సిద్ధము.

క్షేత్రయ్య పదములకును నిట్టి చరిత్రమే కలదు. కృష్ణాతీరమందలి మువ్వగోపాలుని ముద్రతో వెలసిన యా పదములు తంజావూరు విజయరాఘవనాయకుని కాలమునుండి తమిళదేశపు నర్తకుల నోళ్ళలో నిలిచి, పిమ్మట వందల యేండ్లు తెలుఁగు మాతృభాష కాని సభలలో నభినయింపఁబడెను. ఆ సభలకు నాయికాభేదములు తెలియును, హస్తముల సంకేతములు తెలియును. కావున దేశసీమలను బటమునఁ జూచి విదేశమును నిర్ణయింపరాదు. యోగ్యత యెచటఁ దెగునో యచటనే విదేశ మారంభించును.

1838: పారిసునకుఁ బోయిన దేవదాసీలు

ఇఁక మొదటి యుదాహరణము. కడలూరి సమీపమందలి తిరువహీంద్రపురము విష్ణుక్షేత్రము. అచటి దాసీజనులలో నైదుగురను, వాద్యకారులలో మువ్వురను తార్దివేల్ అను ఫ్రెంచి వర్తకుఁ డొడంబడిక వ్రాయించుకొని యోడ నెక్కించి తీసికొనిపోయెను. వారు 1838 జూలైలో బోర్డో రేవున దిగిరి. ఆగష్టులో రాజగు లూయీ ఫిలిప్పు నెదుట నాడి, తరువాత పారిసులోని వారియెతే నాటకశాలలోఁ బ్రదర్శన లిచ్చిరి. అక్టోబరులో లండనునందలి అడెల్ఫీ నాటకశాలలో నాడిరి. ఆ బృందములో మిక్కిలి చిన్నది యాఱేండ్ల బాలిక.

ఫ్రెంచి పత్రికలలోఁ గనఁబడు వీరి పేరులను శబ్దదృష్టితోఁ బరిశీలింపఁదగును. తిల్లే అమ్మాల్, అమనీ, రామ్‌గూన్, సౌందిరూన్, వేదూన్ అని స్త్రీల పేరులు. రామలింగం, సవరనిం, దేవనాయగన్ అని పురుషుల పేరులు. ఫ్రెంచివారి యుచ్చారణను దొలఁగించి చూచినచో మొదటిది తిల్లమ్మాళ్ అనియు, సౌందిరూన్ సౌందరమనియు, వేదూన్ వేదమనియు, రామ్‌గూన్ రంగమనియుఁ దోఁచును. అమనీ యనునది అమ్మణి శబ్దమని నా యూహ. దేవనాయగన్ అను పేరు గమనింపఁదగినది. తిరువహీంద్రపుర స్వామికి దైవనాయకుఁ డని పేరు గలదు. ఆ యూరివారు తమ బిడ్డలకు నా పేరు పెట్టుట సహజము. కావున వీరు తిరువహీంద్రపుర దేవాలయమునకుఁ జెందినవారన్న మాటకుఁ బేరే యొక సాక్షి.

పారిసువారి ఆకాంక్ష యపారముగా నుండెను. దానికిఁ గారణము నర్తకులు కారు. నాట్యమాడు హిందూస్త్రీకి ఐరోపావారు బయదేర్ అని పేరిడిరి. నర్తకి యను నర్థము గల పోర్చుగీసు బైలదేరా శబ్దమునకు నది వికృతి. జర్మనుకవి గేటే 1797లోనే దేవునకును బయదేరునకును సంబంధించిన కథాకావ్యమును వ్రాసెను. 1830లో పారిసు ఒపెరా రంగమున ఓబేర్ సంగీతము గూర్చిన దేవుఁడును బయదేరును అను ప్రయోగము వెలసెను. అందు మారీ తాల్యోనీ యను ప్రఖ్యాతనర్తకి బయదేరుగా నాడెను. ఇట్లు నిజమైన దాసి రాకమునుపే కల్పితదాసి పారిసు రంగమునఁ దిరుగుచుండెను. నిజమైనవారు వచ్చినప్పుడు జనులు వారినిఁ జూచుటకుఁ గాక, కల్పితమూర్తితో వారినిఁ బోల్చుటకుఁ బోయిరి. తాల్యోనీ కాలివ్రేళ్ళ కొనలపై నిలిచి గాలిలోఁ దేలునట్లాడును. వీరు పాదతలముతో భూమిని గొట్టి తాళము పలికింతురు. ఆమె దేహము పైకెగయఁ జూచును. వీరి దేహము మోఁకాళ్ళ వంపుతో నేలను విడువదు. రెండును రెండు వ్యాకరణములు. ఒక భాషా వ్యాకరణమును మఱియొక భాషకుఁ బెట్టి చూచినచో నన్నియు నపశబ్దములే యగును.

అయినను మెచ్చినవారు లేకపోలేదు. ఫ్రెంచికవి తియోఫిల్ గోత్యే వీరిని గూర్చి లా ప్రెస్ పత్రికలో వ్రాసెను. అమనీ యతనికి మిక్కిలి నచ్చెను. జాఁ ఓగ్యూస్త్ బార్ అను శిల్పి యా యేఁడే యామె రూపమును గంచుతోఁ బోఁతపోసెను. బృందము ప్రదర్శించిన యంశములలో జనులకు మిక్కిలి వేడుక గూర్చినది పావురముల నాట్యము. నర్తకులు గిరగిరఁ దిరుగుచునే పలుచని తెల్లబట్టను మడచి పావురముల యాకృతులు గల చెట్టుగా రూపొందించెడివారు. ఇందు గమనింపవలసిన దేమనఁగా, ఈ యంశమునకు యోగ్యత యక్కఱలేదు. హస్తలాఘవముఁ జూచి యెవఁడైన నాశ్చర్యపడును. అభినయప్రధానమైన యంశముల గతి యట్లు కాదు. గోత్యే రచనలోఁ గన్నులు, మేనిచాయ, యాభరణములు, వస్త్రములు సవిస్తరముగా వర్ణింపఁబడినవి. హస్తముల యర్థమునకుఁ బ్రాధాన్యము లేదు. అతనిని నిందింప వలనుపడదు. అర్థము చెప్పువాఁ డెవఁడును లేనప్పుడు కవి తనకుఁ గనఁబడినదానినే గదా వర్ణించును. లండనునందును గొందఱు మెచ్చిరి, కొందఱు నిరాశచెందిరి. కుతూహలము తీఱినకొలఁది యాదరము పలుచనయ్యెను.

ఇట్లు 1838లో ఆకాంక్ష మెండు, యోగ్యత సున్న, సన్నిధి స్వల్పము. ఫలము విస్మయము. ఆ విస్మయము నిష్ఫలము గాలేదు. గోత్యే హృదయమున హిందూదేశము నాటుకొనెను. 1858లో నతఁడు శాకుంతలకథను బారిసు ఒపెరాకు నృత్యరూపకముగాఁ గూర్చెను. కాని యాలాభము ఫ్రెంచిరంగమునకుఁ జేరెను. అమ్మణికి గాని యామె సంప్రదాయమునకు గాని దానివలనఁ గలిగిన దేమియు లేదు.

1900: కోరిన మరణము

రెండవ యుదాహరణమును సంక్షేపముగాఁ జెప్పుదును. కవకామి ఓటోజిరో జపానున నూతన నాటకోద్యమమునకుఁ జెందిన నటుఁడు. అతని భార్య సదాయక్కో గెయిషాగా నృత్యగీతములు నేర్చినది. 1899లో వీరు బృందముతో సాన్‌ఫ్రాన్సిస్కోకుఁ బోయిరి. అచట నేర్పాట్లు చూచెడి ప్రతినిధి రాఁబడిఁ గైకొని పాఱిపోఁగా నాఁకలికి లోనై, చికాగో మీఁదుగా బోస్టను చేరిరి. అచట నిరువురు నటులు మరణించిరి. జపానున 1629 నుండి కబుకి రంగమునకు స్త్రీలు నిషిద్ధులై, స్త్రీపాత్రలను బురుషులే ధరించుచుండిరి. అమెరికావారు స్త్రీపాత్రకు స్త్రీయే కావలెననిరి. అందుచే సదాయక్కో రంగమెక్కి బృందమునకే ప్రధానపాత్రమయ్యెను.

వీరు సన్నిధిని సంపాదించిన రీతి విచిత్రమైనది. జపాను నాటకములలో సంభాషణము నిడివిగలది. దానిని గోసివేసి, నృత్యమును, యుద్ధమును, మరణమును మిగిల్చిరి. రెండు వేఱువేఱు కబుకి కథలను అతికించి గెయిషాయును వీరుఁడును అను నాటకమును సిద్ధముచేసిరి. 1900లో పారిసు ప్రదర్శనశాలలో లోయీ ఫుల్లరు అను అమెరికా నర్తకి తన నాటకశాలలో వీరిచే నాడించెను. జపానువారి కడుపుకోఁత చావును జనులు చూడఁగోరుదురు కాఁబట్టి దానిని జేర్పవలెనని యామె పట్టుపట్టఁగాఁ గవకామి చేర్చెను, ప్రదర్శనము విజయవంతమయ్యెను. ఆంద్రే జీద్ వంటి రచయితలు సదాయక్కో నటనమునకు ముగ్ధులైరి.

ఇచట ఆకాంక్షయే కర్తయై ప్రయోగమును శాసించెను. ప్రేక్షకుఁడు కోరిన మరణమును నటుఁడు సరఫరా చేసెను. స్వదేశమున విమర్శకులు దీనినిఁ గబుకి పేరు చెప్పి చేసిన యపచారముగాఁ దలంచిరి; వారి మాటలో న్యాయము గలదు. కాని మఱియొక పార్శ్వమును గలదు. తిరిగివచ్చిన సదాయక్కో 1908లో టోకియోలో నటీమణుల శిక్షణమునకై విద్యాలయమును స్థాపించెను. పరదేశమున బలవంతముగా నెక్కిన రంగమునే యామె స్వదేశస్త్రీలకు మార్గముగాఁ జేసెను. యాత్రవలని లాభనష్టములను రంగస్థలమున మాత్రమే లెక్కింపరాదనుటకు నిది దృష్టాంతము.

1930: యోగ్యతాసంపాదనము

మూఁడవ యుదాహరణము విస్తరింపఁదగినది. మేయి లాన్‌ఫాంగు (1894–1961) స్త్రీపాత్రధారణమునఁ జీనాదేశమందు సాటిలేనివాఁడు. 1919లోను 1924లోను జపానునకుఁ బోయి యాడెను. చీనాలిపిని, గథలను ఎఱిఁగిన జపాను సభ యతనికిఁ గేవలము పరదేశము గాదు. అమెరికా యట్లు కాదు. అందుచే నతని సహచరుఁడగు పండితుఁడు ఛీ రూషాన్ ఆ యాత్రకై కొన్నియేండ్లు సన్నాహములు చేసెను. ముఖవర్ణనములు, వేషములు, వాద్యములు, హస్తవిన్యాసములు చూపు చిత్రపటములు వ్రాయించెను. కథలను సంకేతములను వివరించు చిన్న పొత్తములు సిద్ధపఱచెను. లియూ తియెన్‌హువా యను సంగీతజ్ఞుఁడు మేయి పాటలను బాశ్చాత్యుల స్వరలిపిలోనికి మార్చి యచ్చు వేయించెను. 1929 అక్టోబరులో అమెరికా ధనవిపణి కూలిపోవుటచే యాత్ర యాగిపోవునేమో యని సందేహము కలిగినను వారు బయలుదేఱిరి.

1930 ఫిబ్రవరిలో న్యూయార్కున ప్రదర్శనము లారంభమయ్యెను. అచటఁ జాంగ్ పెంగ్‌చున్ అను విద్యావేత్త ప్రయోగనిర్వహణమునకుఁ దోడ్పడెను. అతఁడు కొలంబియా విశ్వవిద్యాలయమునఁ జదివినవాఁడు గావున అమెరికావారి యోపిక యెంతయో యెఱుఁగును. అతని సలహా చొప్పున నొక పెద్దకథకు బదులు చిన్నచిన్న యంశములను గూర్చి, మొత్తము ప్రదర్శనమును సుమారు రెండుగంటలలో ముగియునట్లు చేసిరి. ప్రతి యంశమునకు ముందు సూ యంగ్ అను విదుషి యాంగ్లమునఁ గథను సంకేతములను జెప్పెడిది. చెప్పినవెంటనే తెఱ తొలఁగును. సన్నిధి యన నిది. రెండువారములకని కుదిరిన ప్రదర్శనములు న్యూయార్కున నైదువారములు సాగెను. పిమ్మట చికాగో, సాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెసు, హోనొలూలు నగరములలో నాడిరి. పొమోనా కళాశాలయు దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమును మేయికి గౌరవ డాక్టరు పట్టముల నిచ్చెను.

జనుల నెక్కువగా నాకర్షించిన యంశము వ్యాఘ్రసేనాని వధ. కూలిన రాజవంశమునకుఁ జెందిన యొక యంతఃపురపరిచారిక తాను రాజపుత్రి నని చెప్పి, శత్రుసేనానిని వివాహమాడి, యా రాత్రి వానిని జంపి, తానును జచ్చును. వరునివైపు తిరిగినప్పుడు ముఖమున లజ్జాస్మితము, ప్రేక్షకులవైపు తిరిగినప్పుడు పగ. క్షణక్షణము మాఱు నీ ముఖరాగముఁ జూచుటకు భాష యక్కఱలే దనిపించును. కళకు భాష లేదనువారికి నిది గొప్ప యాధారము. కాని విచారింపుఁడు. ఆ నవ్వు బూటకమని ప్రేక్షకునకెట్లు తెలిసెను? ఆమె రాజపుత్రి కాదని, పగ తీర్చుకొనుటకే వచ్చెనని, ముందుగా నాంగ్లమునఁ జెప్పియుండిరి. అది తెలియనిచో ముఖము మాఱుట గనఁబడును గాని, ఏల మాఱెనో తెలియదు. స్థాయిభావములు మానవసామాన్యములనుట నిజమే. శోకము, క్రోధము, భయము ఎల్లదేశములవారికిని గలవు. కాని యొక భావమును మఱియొక భావము కప్పుట, అవహిత్థము, గూఢవ్యంగ్యము ఇవి సందర్భజ్ఞానమునకు లోఁబడియుండును. సామాన్యమైనది యందఱకుఁ దెలియును. విశేషము వివరణము వలననే తెలియును. కళయంతయు విశేషమందే యున్నది.

1935లో మేయి మాస్కోకుఁ బోయినప్పటి సంగతి యొకటి యిచటఁ జేర్పఁదగును. అచట మేయి వేషము లేక, సామాన్యమైన విందుదుస్తులతో స్త్రీపాత్రచేష్టలను జూపెను. జర్మను నాటకకర్త బెర్తోల్తు బ్రెష్టు దానినిఁ జూచి, పాత్రలో లీనము గాక దానిని ఎడముగా నుంచి చూపుట చీనా నటనమందలి రహస్యమని తలంచి, యా మఱుసటియేఁడు ప్రకటించిన వ్యాసములోఁ దన నాట్యసిద్ధాంతమునకు దానిని బ్రమాణముగాఁ గొనెను. స్వదేశప్రేక్షకునకు నా సంకేతములు వింతగాఁ దోఁచవు. వానితోనే యతఁడు కన్నీరు పెట్టును. బ్రెష్టునకు వింతగాఁ దోఁచుటకుఁ గారణ మతఁడు విదేశీయుఁ డగుటయే. అయినను నా భ్రాంతి ఫలవంతమైనది. ఐరోపా నాటకరంగమున నొక నూతనమార్గ మేర్పడెను. గోత్యే విషయమునఁ జెప్పినమాటే యిచటను జెప్పవలెను: విస్మయము చూచువాని కళకు మేలు చేయవచ్చును, అది చూపినవాని కళను దెలియుట మాత్రము గాదు.

1962: పదమునకు మరల యాత్ర

మన దేశమునకు వత్తము. ఉదయశంకరుఁడు 1923లో లండనున అన్నా పావ్లోవాతోఁ గూడి రాధాకృష్ణులుగా నాడి, 1931 మార్చిలో పారిసున స్వీయబృందముతో రంగమెక్కి, 1932 డిసెంబరులో న్యూయార్కున నాడెను. అతని మార్గము సులభముగాఁ దెలియునది: చిన్న యంశములు, మాటలు లేని కథలు, రంగముపైనే కూర్చున్న వాద్యకారులు, కన్నుల పండువైన యాహార్యము. వాచికమును దొలఁగించుటచే నతఁడు యోగ్యతాప్రశ్నను బరిష్కరింపక తప్పించుకొనెనని చెప్పవచ్చును. ఇది దోషము గాదు, వేఱొక కళాప్రస్థానము. కాని పదాభినయమున కా మార్గము పనికిరాదు. పదమునుండి పదమును దీసివేసిన మిగులున దేమి?

ఆ పదమే ప్రాణముగాఁ గలది బాలసరస్వతి (1918–1984). ఆమె వీణ ధనమ్మాళ్ దౌహిత్రి జయమ్మాళ్ కూఁతురు కాదు. ధనమ్మాళ్ కూఁతురగు జయమ్మాళ్ కూఁతురు. క్షేత్రయ్య పదముల నతిపరిశుద్ధముగాఁ గాపాడిన కుటుంబములలో ధనమ్మాళ్ కుటుంబము ప్రథమగణ్యము. 1947లో మద్రాసు ప్రభుత్వము దేవదాసీ సమర్పణమును నిషేధించు శాసనము చేసెను. ఆ శాసనమున కనేకకారణములు గలవు. వాని విచార మిచట ప్రకృతము గాదు. కాని యా కాలమున దాసీకులమున కంటిన నింద కులముతోఁ బాటు కళకును దగిలెనన్నది సత్యము. అట్టి పరంపరలోఁ బుట్టిన యామె 1961లో టోకియోలోను, 1962లో అమెరికాలోని జేకబ్స్ పిల్లో నాట్యోత్సవమునను, 1963లో ఎడింబరో ఉత్సవమునను ఆడెను. పదము నభినయించునప్పుడు దానినిఁ దానే పాడుట యామె పరంపరాలక్షణము. 1838లోఁ బారిసునకుఁ బోయినదియు, 1962లో అమెరికాకుఁ బోయినదియు నొక్క సంప్రదాయమే. ఫలములు మాత్రము వేఱు. అమ్మణి రూపము కంచుబొమ్మగా మిగిలెను. బాలసరస్వతి గురుపీఠమునఁ గూర్చుండెను. వెస్లియన్ విశ్వవిద్యాలయమున నామెయు, నామె సోదరులగు విశ్వనాథ, రంగనాథులును విద్యార్థులకు నాట్యమును, వేణువును, మృదంగమును గఱపిరి.

ఈ భేదమునకుఁ గారణము నర్తకుల శక్తిభేదమని యెవఁడు చెప్పఁగలఁడు? అమ్మణి శక్తి యెంతయో నిర్ణయించుటకు మనకు సాధనము లేదు. 1962 నాఁటి ప్రేక్షకునకుఁ బూర్వముననే గ్రంథములు, ధ్వనిముద్రికలు, విశ్వవిద్యాలయములందలి సంగీతశిక్షణము సహాయముగా నుండెను. హస్తమున కర్థముండునని వాఁ డెఱుఁగును. ఆ యర్థము నడుగవలెనని యెఱుఁగును. అడుగుట నేర్చినవాఁడే ప్రేక్షకుఁడు.

ఉపసంహారము

పై యుదాహరణములచేఁ దేలిన దిది. పరదేశప్రేక్షకుని ఆకాంక్ష నటుఁడు రాకమునుపే పుట్టియుండును. అది తఱచుగాఁ గల్పితమూర్తులపై నిలిచియుండును. దానికే దాసోహమన్నచో 1900లోవలె ప్రయోగము ప్రేక్షకుని కోరికకు నీడయగును. దాని నెదిరించు సాధనము లేకున్నచో 1838లోవలె నటుఁడు వింతవస్తువగును. సన్నిధి నటులు, నిర్వాహకులు సాధింపఁగలిగినది; నిడివి తగ్గించుట, యంశముల నేర్పుతోఁ గూర్చుట వారి చేతిలోని పని. యోగ్యత మాత్రము వారొక్కరు సాధింపలేరు. ఛీ రూషాన్ వంటి పండితుఁడు పటములు వ్రాయించి, పొత్తములు కూర్చి, యేండ్లతరబడి శ్రమించినందుననే మేయి లాన్‌ఫాంగునకు నా సభ యోగ్యసభ యయ్యెను.

ఇది మన బోఁటి పండితులు చెవియొగ్గవలసిన మాట. నేఁడు క్షేత్రయ్య పదములు కూచిపూడి, భరతనాట్య సంప్రదాయములవారిచే ననేకదేశములలో నభినయింపఁబడుచున్నవి. ప్రతి యంశమునకు ముందు రెండుమాటలు వివరణము చెప్పు నాచారమును గలదు. కాని యా వివరణమును జెప్పువారికి నాయిక స్వీయయో, పరకీయయో, సామాన్యయో సందేహమేని. సఖితోఁ బలుకుచున్నదో నాయకునితోఁ బలుకుచున్నదో తెలియదేని. నిందయా, స్తుతియా, కాకువా నిర్ణయము లేదేని, వేదికపై నభినయ మెంత నిపుణమైనను బ్రేక్షకునకుఁ జేరునది విస్మయమే. ప్రతిపదార్థము, పాఠనిర్ణయము, నాయికావస్థ, సందర్భము వీనితోఁ గూడిన వ్యాఖ్యానములు వ్రాసి పదములను సిద్ధపఱచుట నర్తకుల పని గాదు. అది మన పని. పారిసున నా కంచుబొమ్మ యమ్మణి భంగిమను నిలిపినది. ఆ భంగిమ యే పదమున కర్థమో యది చెప్పఁజాలదు. ఆ చెప్పుట వ్యాఖ్యాతకు విధి. పాఠశాలల పండితులు తలయొక పదమును జేపట్టి యిట్టి వ్యాఖ్య వ్రాసినను, ఇఁకముందు సముద్రము దాఁటు నర్తకి చేతిలో నాభరణములకంటె విలువయైన సామగ్రి యొకటి చేరును.